విషం ఉన్నచోటే విరుగుడు

కృష్ణా డెల్టాలో అరవై దాటిన ఏ రైతునడిగినా మూడు మందుల పేర్లు తడుముకోకుండా చెబుతారు: డీడీటీ, గమాక్సిన్, ఎండ్రిన్. మొదటిది మలేరియా సిబ్బంది ఇంటి గోడలకు కొట్టి వెళ్లేవారు. రెండోదాన్ని పల్చటి గుడ్డలో మూటగట్టి, పురుగు పట్టిన వరి మీద దులుపుతూ నడిచేవారు. మూడోది పురుగులను చంపిన మందుగా కన్నా మనుషులను తీసుకుపోయిన మందుగానే ఊళ్లలో గుర్తుండిపోయింది. మూడూ ఒక్క కుటుంబానికి చెందినవే. కర్బనం అస్థిపంజరానికి క్లోరిన్ పరమాణువులను గట్టిగా బిగించి తయారుచేసిన పదార్థాలు ఇవి. ఆ బిగింపు వల్లే సూక్ష్మజీవులు వీటిని తేలిగ్గా విప్పలేవు. నీళ్లలో పెద్దగా కరగవు, కొవ్వులో కరుగుతాయి. అందుకే మట్టిలో నిలిచి, చేపలోకి, పాలలోకి, మనలోకి ఎక్కుతాయి.

డీడీటీని సేద్యంలో వాడటం మన దేశంలో 1989లో ఆపించారు; దోమల నివారణకు మాత్రం ఉంచారు. ఎండ్రిన్‌ను 1990లో నిషేధించారు. గమాక్సిన్ పొడి, అంటే బీహెచ్‌సీ, 1997 ఏప్రిల్ 1 నుంచి బంద్. అదే కుటుంబానికి చెందిన ఎండోసల్ఫాన్‌ను 2011 మే 13న సుప్రీంకోర్టు ఆపించింది. ప్రపంచం మొత్తానికి వర్తించేలా 2001లో స్టాక్‌హోంలో కుదిరిన ఒప్పందం మొదట 12 పదార్థాలను పట్టికలో పెట్టింది. అందులో 9 పురుగుమందులే. మన దేశం ఆ ఒప్పందాన్ని 2006లో ఆమోదించింది.

అమ్మకం ఆగింది సరే. నేలలో పడింది ఏమైనట్టు?

ఇక్కడ రెండు సంగతులను వేరుచేసి చూడాలి. పొలమంతా పలచగా దులిపిన పొడి ఒకటి. ఒక్కచోట గుట్టగా పడ్డది మరొకటి: బస్తాలు చిరిగిన పాత గోడౌను నేల, మందు కలిపి డబ్బాలు కడిగిన కాలవ గట్టు, గడువు తీరిన డబ్బాలను గొయ్యి తీసి పూడ్చిన చోటు. మొదటిదాన్ని కాలం, ఎండ, మట్టి చాలావరకు చూసుకుంటాయి. రెండోది వదిలేస్తే దశాబ్దాలు అలాగే ఉంటుంది. ప్రతి వానకూ కొంచెం మట్టితో కలిసి డ్రెయిన్లోకి, అక్కణ్నుంచి కొల్లేటికి, సముద్రానికి పోతుంది. 2001లో అచ్చయిన ఒక పరిశోధన కొల్లేటి చేపల్లో బీహెచ్‌సీ, ఎండోసల్ఫాన్, డీడీటీ అవశేషాలను పట్టుకుంది. అది అచ్చయ్యేనాటికి బీహెచ్‌సీ అమ్మకం ఆగి నాలుగేళ్లు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ మునిగినప్పుడు ఇళ్లలోకి వచ్చింది నీళ్లు మాత్రమే కాదు, బురద కూడా. నీళ్లలో కరగని విషాలు ప్రయాణం చేసేది ఆ బురద మీదే.

తవ్వి తీసేస్తే పోదా అన్నది ఎవరికైనా వచ్చే మొదటి ఆలోచన. చిన్న మచ్చ అయితే అదే సరైన పని. కానీ తవ్విన మట్టిని ఎక్కడో ఒకచోట పెట్టాలి. ప్రమాదకర వ్యర్థాల కోసం కట్టిన పూడ్చివేత స్థలం విశాఖపట్నం దగ్గర పరవాడలో ఉంది, విజయవాడకు మూడొందల కిలోమీటర్ల పైన. పైగా డెల్టాలో తవ్వకం మొదలుపెట్టిన కాసేపటికే నీళ్లు ఊరతాయి. ప్రకాశం బ్యారేజీ కింద 13 లక్షల ఎకరాలకు కాలవలు పారుతున్న నేల ఇది. నీటిమట్టం పాదాల కిందే ఉంటుంది. పోనీ, కలుషితమైన నీళ్లనే తోడి శుద్ధి చేద్దామా? డీడీటీ లీటరు నీటిలో కొన్ని మైక్రోగ్రాములకు మించి కరగదు. ఏళ్ల తరబడి మోటారు తిప్పినా బయటికొచ్చేది గోరంత, బంకమట్టిని పట్టుకుని ఉండేది కొండంత. ఇంకో చిక్కు కూడా ఉంది. డెల్టా దిగువన తియ్యటి నీరు పైన పలచటి పొరగా ఉంటుంది, కింద ఉప్పునీరు. గట్టిగా తోడితే ఆ ఉప్పు పైకి లేస్తుంది. నాగాయలంక, కోడూరు వైపు రైతులకు ఇది చెప్పక్కర్లేదు.

కాబట్టి మిగిలిన దారి, విషాన్ని ఉన్నచోటే విడగొట్టడం. ఆ పని చెయ్యగలిగింది రసాయనశాస్త్రం. దాని దగ్గర ప్రధానంగా రెండే ఎత్తులున్నాయి: విషపు అణువు నుంచి ఎలక్ట్రాన్లను లాక్కోవడం, లేదా దానికి ఎలక్ట్రాన్లను ఇవ్వడం. లాక్కోవడాన్ని ఆక్సీకరణం అంటాం, ఇవ్వడాన్ని క్షయకరణం అంటాం. ఏది ఎక్కడ పనికొస్తుందో తేల్చుకోవడంలోనే అసలు నేర్పంతా ఉంది. కృష్ణా డెల్టా మట్టి ఆ తీర్పును చాలావరకు తానే ఇచ్చేస్తుందని నా నమ్మకం.

లాక్కునే మందుల్లో మన జనానికి బాగా తెలిసింది పొటాషియం పర్మాంగనేట్. 1890లలో ఆగ్రాలో పనిచేసిన హాంకిన్ అనే శాస్త్రవేత్త, కలరా రోజుల్లో ఊరబావులను పర్మాంగనేట్‌తో గులాబీరంగుకు తిప్పే పద్ధతిని ప్రచారం చేశాడు. ఇప్పుడు కైకలూరు చుట్టుపక్కల చెరువుల్లో చేపకు జబ్బు చేసినా అదే వాడుతున్నారు. ట్రైక్లోరోఇథిలీన్ లాంటి, యంత్రాలకు పట్టిన గ్రీజు వదిలించే ద్రావకాలు భూగర్భజలంలోకి దిగినచోట ఇది అద్భుతంగా పనిచేస్తుంది. ఆ అణువులో రెండు కర్బనాల మధ్య ఉన్న జంట బంధాన్ని పట్టుకుని చీల్చేస్తుంది. బీహెచ్‌సీలో అలాంటి జంట బంధం లేదు. దాని ముందు పర్మాంగనేట్ చేతులెత్తేస్తుంది.

అంతకంటే పదునైన ఆయుధం ఇంకొకటి ఉంది. 1894లో కేంబ్రిడ్జిలో హెన్రీ ఫెంటన్ అనే రసాయనశాస్త్రవేత్త, చింతపండుకు పులుపునిచ్చే టార్టారిక్ ఆమ్లానికి కాస్త అన్నభేది, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపితే ఆ ఆమ్లం వేగంగా ఆక్సీకరణం చెందుతుందని ప్రచురించాడు. ఎందుకలా అవుతుందో తేలడానికి మరో నలభై ఏళ్లు పట్టింది. 1934లో హేబర్, వైస్ చెప్పిన వివరణ ప్రకారం అన్నభేదిలోని ఇనుము పెరాక్సైడ్‌ను విరిచి హైడ్రాక్సిల్ రాడికల్ అనే ముక్కను పుట్టిస్తుంది. అది సెకనులో పదిలక్షో వంతు కూడా నిలవదు. ఆ లోపలే తనకు తగిలిన ఏ కర్బన పదార్థం నుంచైనా ఎలక్ట్రాన్‌నో, హైడ్రోజన్‌నో పీక్కుంటుంది. దాని ముందు నిలిచే పురుగుమందులు తక్కువ. వరి నారుమడి పసుపుబారితే పిచికారీ చేసే అన్నభేది, రొయ్యల చెరువులో ఆక్సిజన్ పడిపోతే పోసే పెరాక్సైడ్, రెండూ గుడివాడలో ఏ మందుల కొట్టులో అడిగినా దొరికే సరుకులే.

అయితే ఇవి డెల్టా మట్టిలో దిగితే ఏమవుతుందో చూడటానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. రెండు గాజు సీసాల్లో లేత గులాబీరంగు పర్మాంగనేట్ నీళ్లు పోయండి. ఒకదాంట్లో కృష్ణ ఇసుక గుప్పెడు, ఇంకోదాంట్లో వరిమడి నుంచి తెచ్చిన నల్లటి అడుసు గుప్పెడు వేసి కదపండి. ఇసుక సీసాలో గులాబీరంగు చాలాసేపు అలాగే ఉంటుంది. అడుసు సీసాలో రంగు కళ్లముందే వెలిసి, గోధుమరంగు మడ్డి కిందికి దిగుతుంది. ఆ మడ్డి మాంగనీస్ డయాక్సైడ్. అడుసులో విషమేమీ లేకపోయినా మందు మొత్తం ఖర్చయిపోయింది. కుళ్లిన గడ్డి, వేళ్లు, ఇనుము, గంధకం సమ్మేళనాలు, అన్నీ తమ వాటా తాము లాక్కున్నాయి. కాలవ నీళ్లు ఎగువ పొలాలు తాగేసి శివారు భూములకు అందనట్టే, మట్టి తాగగా మిగిలిందే విషానికి అందుతుంది. ఆక్సీకరణ మందులతో పనిచేసేవాళ్లు ఎక్కడైనా ముందు కొలిచేది ఈ దాహాన్నే. ఇసుక నేలల్లో అది తక్కువ. డెల్టా బంకమట్టిలో చాలా ఎక్కువ.

ఫెంటన్ చర్యకు ఇంకో అడ్డంకి. దానికి పీహెచ్ 3 దగ్గర, అంటే బాగా పుల్లగా, ఉండాలి. మన నల్లమట్టి పీహెచ్ 7.5 నుంచి 8.5 వరకు ఉంటుంది, సున్నపు గుళ్లు కూడా ఉంటాయి. పోసిన ఆమ్లాన్ని ఆ సున్నం మింగేస్తుంది, ఇనుము తుప్పులా అడుగుకు దిగిపోతుంది. నిమ్మ ఉప్పు లాంటివి కలిపి ఇనుమును కరిగిన స్థితిలోనే పట్టి ఉంచే ఉపాయాలున్నాయి, కానీ ఖర్చు పెరుగుతుంది. తీరం వైపు నీళ్లలోని క్లోరైడ్, బైకార్బనేట్‌లు హైడ్రాక్సిల్ రాడికల్‌ను దారిలోనే తినేస్తాయి. మొత్తానికి లాక్కునే పద్ధతి ఇక్కడ ఎదురీతే.

ఇచ్చే పద్ధతికి వద్దాం. దాని కథ కెనడాలో మొదలైంది. 1980లలో వాటర్లూ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ గిల్‌హామ్ బృందం, లోహపు గొట్టాల దగ్గర తీసిన నీటి నమూనాల్లో క్లోరిన్ ద్రావకాలు తగ్గిపోవడం గమనించింది. నమూనా పాడైందనుకుని వదిలెయ్యకుండా, కారణం వెతికారు. ఇనుము తుప్పు పట్టేటప్పుడు ఎలక్ట్రాన్లను వదులుతుంది. వాటిని క్లోరిన్ కలిగిన అణువు అందుకుంటే, క్లోరిన్ ఊడి మామూలు క్లోరైడ్‌గా నీళ్లలోకి పోతుంది. 1991లో ఒంటారియోలోని బోర్డెన్‌లో భూగర్భజలం పారే దారికి అడ్డంగా ఇనుప రజను కలిపిన ఇసుక గోడను నేలలో పూడ్చారు. మోటార్లు లేవు, కరెంటు లేదు. నీరు తన మానాన తాను గోడలోంచి పారింది, ద్రావకాలు చాలావరకు గోడలోనే విరిగిపోయాయి. కొద్ది ఏళ్లలోనే కాలిఫోర్నియాలోని సనీవేల్‌లో నిజమైన కలుషిత స్థలంలో అలాంటి గోడ కట్టారు. లేత్ మిషన్ల కింద రాలిపడే ఇనుప రజను ఇంత పని చేస్తుందని అంతకుముందు అనుకున్నవాళ్లు తక్కువ.

నన్ను ఇంకా ఎక్కువ ఆకట్టుకునే విషయం మాత్రం కెనడాలో కాదు, వరిమడిలో ఉంది. దమ్ము చేసి నీళ్లు కట్టిన మడిలో ఒకటి రెండు రోజుల్లోనే మట్టిలోని ఆక్సిజన్ అయిపోతుంది. సూక్ష్మజీవులు ఊపిరికోసం మొదట నైట్రేట్‌ను, తర్వాత మాంగనీస్‌ను, ఆ తర్వాత ఇనుమును, గంధకపు సల్ఫేట్‌ను వాడుకుంటూ దిగుతాయి. ఎర్రగా, గోధుమగా ఉన్న మట్టి బూడిదరంగుకు, నలుపుకు తిరుగుతుంది. కాలు వేస్తే బుడగలు లేస్తాయి, అది మీథేన్. వరి మొక్కను పీకి చూస్తే వేళ్ల చుట్టూ సన్నటి తుప్పురంగు పూత కనబడుతుంది. వేరు తాను వదిలే ఆక్సిజన్‌తో చుట్టూ ఉన్న ఇనుమును తుప్పుగా మారుస్తోందన్నమాట. వేరుకు దూరంగా ఉన్న మట్టి మాత్రం ఎలక్ట్రాన్లను ఇవ్వడానికి సిద్ధంగా ఉంటుంది. ఆ సిద్ధతను మిల్లీవోల్టుల్లో కొలిస్తే (అంకె దిగేకొద్దీ సిద్ధత ఎక్కువ), ఆరిన చేను 400కు పైన చూపిస్తుంది; నీళ్లు నిలిచిన మడి సున్నా దాటి మైనస్ 200 వరకు దిగుతుంది. అంటే సార్వా వేసిన ప్రతి ఎకరమూ ఆ కొన్ని నెలలూ పెద్ద క్షయకరణ పాత్ర.

ఇది ఊహ కాదు. 1967లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో మెక్రే, రఘు, కాస్ట్రో అనే ముగ్గురు, నీళ్లు నిలిచిన మట్టిలో బీహెచ్‌సీ రూపాలు నెలల్లోనే తగ్గిపోతున్నాయని, ఆ పని చేస్తున్నది సూక్ష్మజీవులని చూపించారు. ఆ తర్వాత కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థలో సేతునాథన్ బృందం ఏళ్ల తరబడి ఇదే దారిలో పనిచేసింది. పొలాల్లో ఆ పొడి మనం భయపడ్డంతగా మిగలకపోవడానికి వరి పండించే తీరే ఒక పెద్ద కారణం.

బీహెచ్‌సీ అన్నది ఒక్క పదార్థం కాదు. 1825లో ఫారడే మొదట తయారుచేసిన ఈ అణువులో ఆరు కర్బనాల ఉంగరానికి ఆరు క్లోరిన్‌లు ఉంటాయి. ఆ క్లోరిన్‌లు ఉంగరానికి ఏ వైపు నిలబడ్డాయన్నదాన్ని బట్టి ఆల్ఫా, బీటా, గామా, డెల్టా వగైరా రూపాలొస్తాయి. పురుగును చంపేది గామా ఒక్కటే. బస్తాలో అది నూటికి 10 నుంచి 15 పాళ్లు. మిగతాదంతా పురుగు మీద పనిచెయ్యని బరువు, నేలకు మాత్రం భారం. వాటిలో మొండిది బీటా. అందులో ఆరు క్లోరిన్‌లూ ఉంగరం అంచునే పరుచుకుని, పక్క హైడ్రోజన్‌తో కలిసి ఊడిపోవడానికి వీల్లేని భంగిమలో ఉంటాయి. గామా, ఆల్ఫా మడిలో కరిగిపోయినంత త్వరగా బీటా పోదు. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దుల్లోనూ ఈ తేడా ఉంది: గామా లీటరుకు 2 మైక్రోగ్రాముల దాకా ఉండొచ్చు, బీటా 0.04 దాటకూడదు. పాత బీహెచ్‌సీ గోడౌను నేలను పరీక్షించేవాళ్లు గామా ఒక్కటే కొలిచి బాగుందంటే నమ్మకూడదు.

ఎలక్ట్రాన్లు ఇచ్చినంత మాత్రాన పని పూర్తికాదు. బీహెచ్‌సీ క్లోరిన్‌లు దాదాపు అన్నీ ఊడిపోయాక మిగిలేవి బెంజీన్, క్లోరోబెంజీన్. అవి కూడా విషాలే. కానీ గాలి తగిలితే మామూలు బ్యాక్టీరియా వాటిని తినెయ్యగలదు. డీడీటీ సంగతీ అంతే. గాలిలేని మట్టిలో అది ఒక క్లోరిన్ పోగొట్టుకుని డీడీడీ అవుతుంది. అక్కడ ఆగిపోతుంది, మిగతా పని గాలిలోనే సాగాలి. కాబట్టి ముందు నీరు, తర్వాత గాలి, మళ్లీ నీరు, మళ్లీ గాలి. అమెరికాలో అలబామా రాష్ట్రం మాంట్‌గమరీలో పాత పురుగుమందుల స్థలంలో సరిగ్గా ఇలాగే చేశారు. మట్టిలో మొక్కల చెత్త, ఇనుప పొడి కలిపి, తడిపి మూసి కొన్నాళ్లు, తిరగదున్ని కొన్నాళ్లు, చాలా దఫాలుగా నడిపి టాక్సాఫీన్‌ను, డీడీటీని దించారు. కృష్ణా డెల్టా రైతు సార్వా వరి కోసి ఆ తడి మీదే మినుము చల్లుతాడు. నీరు, గాలి. మందును విరగ్గొట్టడం కోసం చెయ్యకపోయినా ఆ పంటల వరస తాతల నాటి నుంచి ఈ రెండడుగులూ వేస్తూనే ఉంది. గోడౌను నేల లాంటి చోట చెయ్యవలసింది ఆ వరసనే గట్టిగా, కొలిచి, చుట్టూ కట్ట వేసి నడపడం. గడ్డి ఉంది, ఊక ఉంది, పేడ ఉంది, విజయవాడ ఆటోనగర్ లేత్‌ల కింద రజను ఉంది. నూనె అంటిన రజనును శుభ్రం చేసి వాడాలి, ఒక విషాన్ని తీస్తూ మరొకటి పొయ్యకూడదు.

విజయవాడ ఆటోనగర్ నేల సమస్య వేరు. అక్కడ ఏళ్ల తరబడి కారిన ఇంజను ఆయిలుకు ఇనుము అక్కర్లేదు, గాలీ నత్రజనీ తడీ చాలు. కానీ ఎక్కడ క్రోమ్ పూత పని జరిగినా ఆరు వేలెన్సీ క్రోమియం ఉంటుంది. అది నీళ్లలో హాయిగా కరిగి పారుతుంది, కేన్సర్ కారకం. మన సరిహద్దు దాటితే తమిళనాడు రాణిపేటలో 1990ల మధ్యలో మూతపడ్డ ఒక క్రోమేటు ఫ్యాక్టరీ లక్షన్నర టన్నుల వ్యర్థాన్ని ఆరుబయట వదిలిపోయింది. దీనికి విరుగుడు మళ్లీ మన అన్నభేదే. అది ఎలక్ట్రాన్ ఇస్తే క్రోమియం మూడు వేలెన్సీకి దిగి, కరగని గడ్డగా మట్టిలో ఆగిపోతుంది. పెరాక్సైడ్ పక్కన ఉంటే ఆక్సీకరణానికి సాయపడ్డ ఇనుమే, ఒంటరిగా ఉంటే క్షయకరణం చేస్తుంది.

అందుకే తొందరపాటు మందు వద్దు. క్రోమియం ఉన్న నేలలో పర్మాంగనేట్ పోస్తే నిద్రపోతున్న మూడు వేలెన్సీ క్రోమియాన్ని లేపి, ఆరు వేలెన్సీకి ఎక్కించి, బావిలోకి పంపినట్టే. బీహెచ్‌సీ మీద సున్నం చల్లితే పోతుందని కొందరంటారు. ఆల్ఫా, గామా నిజంగానే విరుగుతాయి, కానీ ట్రైక్లోరోబెంజీన్‌లుగా విరుగుతాయి. బీటా దాదాపు అలాగే ఉంటుంది. డీడీటీకి సున్నం తగిలితే డీడీఈ అవుతుంది, అది డీడీటీ కంటే మొండిది. నీళ్లు కట్టి గాలి తీసేసిన మట్టిలో ఆర్సెనిక్ ఉంటే అది కరిగి బయటికి రావచ్చు. కాబట్టి మందు కన్నా ముందు మట్టి పరీక్ష. ఏ విషం, ఏ రూపంలో, ఎంత లోతున, పక్కన ఇంకేముంది, ఈ నాలుగూ తెలియకుండా ఒక్క గ్రాము కూడా పొయ్యకూడదు.

కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ 2025 జులైలో కలుషిత స్థలాల నిర్వహణకు ప్రత్యేకంగా నియమాలు తెచ్చింది. అనుమానమున్న స్థలాల పట్టికను జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి తయారుచెయ్యాలి, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి వాటిని పరిశీలించాలి, కలుషితం చేసినవారే ఖర్చు భరించాలి. కాగితం మీద ఇది మంచి మొదలు. కానీ ముప్పై ఏళ్ల కిందట బీహెచ్‌సీ బస్తాలు ఎక్కడ నిలవచేశారో, పాడైన డబ్బాలు ఏ గట్టు వెంట పూడ్చారో కలెక్టరేటు ఫైళ్లలో ఉండదు. అది తెలిసినవాళ్లు ఇంకా ఊళ్లలో ఉన్నారు, వాళ్ల వయసు మాత్రం పెరుగుతోంది. మీ ఊరి పెద్దలను ఈ వారమే అడగండి. చెప్పిన చోటును మీరు తవ్వకండి, పిల్లలను, పశువులను అటు పోనివ్వకండి. చోటు గుర్తు రాసి గ్రామ సచివాలయంలోనూ, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలోనూ ఇచ్చి, రసీదు తీసుకోండి.